దేవుడు లేడన్నవాడు మంచి చేస్తే

ఈ సంచికలో మీతో పంచుకోబోయే విషయం నా అంతట నేను ఎంచుకున్నది కాదు. మా సంఘంలోని ఒక తల్లి ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ వెళ్ళిపోయేదాకా వరండాలో నిలబడి, నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది.

ఆమెకు ఒక్కడే కొడుకు. సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసి బహుమతులు తెచ్చుకున్నవాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ళ క్రితం, "అమ్మా, నాకు నమ్మకం లేదు. నిన్ను బాధపెట్టాలని కాదు, అబద్ధం ఆడలేక చెబుతున్నాను" అన్నాడట. తరువాత నానమ్మకు పక్షవాతం వచ్చింది. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అందరూ విశ్వాసులే. అందరూ ఫోన్ చేసి "ప్రార్థనలో పెట్టాం" అన్నారు. ఈ అబ్బాయి ఇంటి నుంచే పని చేసుకుంటానని ఆఫీసులో అడిగి, లాప్‌టాప్ పట్టుకుని ఊరికి వచ్చేశాడు. నానమ్మకు స్నానం చేయించడం, పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, పక్కబట్టలు ఉతకడం, అన్నీ వాడే.

"అయ్యగారూ, వాడు చేసే ఈ మంచి దేవుని దగ్గర లెక్కకు వస్తుందా, రాదా?" అని అడిగింది తల్లి.

నాకు వెంటనే నోటికి వచ్చిన జవాబులు ఉన్నాయి. మన నీతిక్రియలు మురికిగుడ్డల వంటివని యెషయా గ్రంథంలో ఉంది కదా, ఆ మాట చెప్పవచ్చు. సెమినరీలో నేర్చుకున్న సిద్ధాంతమంతా ఒక్క నిమిషంలో వల్లించవచ్చు. కాని ఆ తల్లి కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయాను. "అమ్మా, నాకు కొంచెం సమయం ఇవ్వండి" అన్నాను. ఆ సమయంలో నేను చదివినదీ, ఆలోచించినదీ ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

నాస్తికులను గురించి మాట్లాడవలసి వస్తే మనం మొదట తెరిచేది 14వ కీర్తన. దేవుడు లేడని హృదయంలో అనుకునేవాడు బుద్ధిహీనుడని అక్కడ ఉంది. ఎంతమంది ప్రసంగీకులు ఈ మాటతో చప్పట్లు కొట్టించుకున్నారో! నేనూ కొట్టించుకున్నాను. కాని ఆ కీర్తన చివరిదాకా చదవండి. అక్కడ కనబడే మనిషి వాదనలు చేసే తత్వవేత్త కాదు. ప్రజలను రొట్టె తిన్నట్టు తినేసేవాడు, దీనుని ఆలోచనను నవ్వులపాలు చేసేవాడు. అడిగేవాడెవడూ లేడులే అని పేదవాణ్ణి దోచుకునేవాడు. హెబ్రీ భాషలో అక్కడ వాడిన పదం నాబాల్. సమూయేలు మొదటి గ్రంథము 25వ అధ్యాయంలో ఇదే పేరుగల ఒక ఆసామి ఉన్నాడు. మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు. గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగనాడు, ఆకలితో వచ్చిన దావీదు మనుషులకు పిడికెడు తిండి పెట్టనివాడు. ఆ నాబాలు నాస్తికుడని బైబిలులో ఎక్కడా లేదు. ఇశ్రాయేలీయుల్లో ఒకడే. పెదవులతో దేవుడు ఉన్నాడంటూ, లెక్కల పుస్తకంలో దేవుడు లేడనుకునే మనిషి మీద ఈ కీర్తన మరింత సూటిగా పడుతుంది. అది మనలో ఎవరి మీద పడుతుందో ఎవరికి వారు చూసుకోవాలి.

మరొక సంగతి. మన పితరులనే ఒకప్పుడు లోకం నాస్తికులు అని పిలిచింది! రోమా సామ్రాజ్యంలో క్రైస్తవులు గుళ్ళకు వెళ్ళరు, చక్రవర్తికి సాంబ్రాణి వేయరు, వాళ్ళకు విగ్రహం లేదు, బలిపీఠం లేదు. అందుకని వాళ్ళు దేవుళ్ళు లేనివాళ్ళని ముద్ర వేశారు. రెండవ శతాబ్దంలో స్ముర్న సంఘాధ్యక్షుడైన పాలీకార్పును చంపడానికి ముందు అధికారి ఆయనతో, నాస్తికులు నశించాలని అనమన్నాడు. అక్కడ నాస్తికులంటే క్రైస్తవులన్నమాట. ఆ వృద్ధుడు అరుస్తున్న జనసమూహం వైపు చెయ్యి చూపి, అదే మాట వాళ్ళ మీదికే తిప్పి అన్నాడని ఆయన హతసాక్ష్య వృత్తాంతం చెబుతోంది. ఆ పేరు పెట్టి మనుషులను తరిమితే ఎలా ఉంటుందో మన చరిత్రకు తెలుసు. తెలిసీ మనం ఎదుటివారి మీద అదే మాట విసరడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది.

ఇప్పుడు మన తెలుగు నేల మీదనే ఉన్న ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం ఉంది. మీలో చాలామంది ఆ దారిన వెళ్ళే ఉంటారు. కొందరు తల పక్కకు తిప్పుకుని కూడా వెళ్ళి ఉంటారు. దాన్ని స్థాపించినది గోరా అనే గోపరాజు రామచంద్రరావుగారు. 1902లో ఛత్రపురంలో ఆచారవంతులైన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివారు. జంధ్యం వదిలేసినందుకు ఇంటికి దూరమయ్యారు. దేవుని గురించి తన అభిప్రాయం దాచుకోనందుకు 1933లో కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం పోయింది. తరువాత మచిలీపట్నంలోనూ ఉద్యోగం నిలవలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరు గ్రామంలో, రైతుల మధ్య, నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. 1947లో అది విజయవాడకు వచ్చింది. భార్య సరస్వతి గోరాగారు అన్నిటిలోనూ ఆయనతో నడిచారు. గర్భవతి గ్రహణం చూస్తే బిడ్డకు కీడని లోకమంతా భయపడే కాలంలో, కడుపుతో ఉండి గ్రహణం చూసిన ధైర్యశాలి ఆమె. (మన విశ్వాసుల ఇళ్ళల్లో ఇప్పటికీ గ్రహణం రోజున తలుపులు వేసుకునేవారు లేరా? ఉన్నారు. నాకు తెలుసు.)

గోరాగారి వాదన ఏమిటో కూడా న్యాయంగా చెప్పాలి. మనిషి అంతా దేవుని మీద వేసి, నా చేతిలో ఏమీ లేదనుకున్నంతకాలం బానిసగానే ఉంటాడు, తాను స్వతంత్రుణ్ణి అని తెలుసుకున్ననాడే బాధ్యత తీసుకుంటాడు అన్నది ఆయన నమ్మకం. నాస్తికత్వం అంటే లేదు లేదు అనడం కాదు, అంటరానితనం మీద, మూఢనమ్మకం మీద, పేదరికం మీద పని చేయడం అని ఆయన అర్థం. 1944లో సేవాగ్రాములో గాంధీగారిని కలిసినప్పుడు, దేవుడు లేనివాడితో ఏమి మాట్లాడాలి అని గాంధీగారు సరదాగా అంటే, నేను దేవుడు లేనివాణ్ణి కాదు, నాస్తికుణ్ణి అని సరిచేశారట. ఆ రెంటికీ తేడా ఏమిటో వివరించారు కూడా. వారిద్దరి సంభాషణలు 1951లో నవజీవన్ వారు పుస్తకంగా వేశారు. అందులో నన్ను కదిలించినది వాదన కాదు, ఒక పెళ్ళి.

గోరాగారి పెద్దమ్మాయి మనోరమ. ఆమెను దళిత యువకుడైన అర్జునరావుగారికి ఇచ్చి చేయాలని నిశ్చయించారు. గాంధీగారు సంతోషించి, పెళ్ళి సేవాగ్రామ ఆశ్రమంలో జరగాలన్నారు. అయితే ఒక చిక్కు వచ్చింది. ఆశ్రమంలో పెళ్ళి ప్రమాణం దేవుని పేర చేయిస్తారు. గోరా కుటుంబం అలా చేయదు. గాంధీగారు ఏమన్నారో తెలుసా? దేవుని పేరు బదులు సత్యం పేర ప్రమాణం చేయిద్దామన్నారు. అన్నంత దేవభక్తుడూ ఆ నాస్తికుడి కోసం తన మాట మార్చుకున్నాడు. 1948 జనవరి 30న గాంధీగారు హతులయ్యారు. ఆ పెళ్ళి ఆయన లేకుండానే అదే మార్చిలో సేవాగ్రాములో జరిగింది.

ప్రియులారా, 1948లో! బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన తండ్రి తన కూతుర్ని దళితుడికి ఇచ్చి పెళ్ళి చేశాడు. దేవుని భయం లేకుండా చేశాడు, స్వర్గం ఆశ లేకుండా చేశాడు. మరి మనం? క్రీస్తునందు యూదుడని, గ్రీసుదేశస్థుడని తేడా లేదని గలతీ పత్రిక చదువుతాం. పేపరు తెరిచి పెళ్ళి ప్రకటనలు చూడండి. క్రిస్టియన్ అని రాసి, పక్కన కులం పేరు రాయించేది ఎవరు? మాల సంఘం, మాదిగ సంఘం అని మందిరాలను పిలుచుకునే ఊళ్ళు లేవా? నేను కాపరిగా ఇరవై ఏళ్ళలో చేయించిన పెళ్ళిళ్ళన్నీ ఒకసారి గుర్తు చేసుకున్నాను. కులం దాటినవి ఒక చేతి వేళ్ళకు సరిపోయాయి. అందులో రెండు పెళ్ళిళ్ళకు సంఘపెద్దలు రాలేదు. ఆ రెండుసార్లూ నేను వారిని గద్దించలేదు. గద్దించి ఉండవలసింది.

ఆ కుటుంబం కథ అంతటితో అయిపోలేదు. వారి పెద్దబ్బాయి లవణంగారు ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టారు, అందుకే ఆ పేరు. ఆయన చేసుకున్న హేమలతగారు ఎవరనుకున్నారు? మహాకవి గుర్రం జాషువాగారి కుమార్తె. జాషువాగారు మన క్రైస్తవ కుటుంబంలో పుట్టినవారు. ఆయన క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అంటరానివాడని ఆయనను బయటివాళ్ళు అవమానిస్తే, పురాణ కథల మీద కావ్యాలు రాస్తాడని మనవాళ్ళు దూరం పెట్టారు. ఆ తండ్రి కడుపున పుట్టిన హేమలతగారు, భర్తతో కలిసి మనం వదిలేసిన చోట్లకు వెళ్ళారు.

ఒకటి స్టూవర్టుపురం. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. బ్రిటిషువారు చేసిన నేరస్థ జాతుల చట్టం కింద, ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి, అక్కడ స్థిరపరచారు. 1914 ప్రాంతంలో మొదలైన ఆ సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అంటే మన క్రైస్తవ మిషనే. బడి పెట్టారు, వైద్యం చేశారు, పని చూపించారు. అందుకు దేవునికి స్తోత్రము. కాని ఆ మంచి అంతా హాజరు పట్టీ మధ్య, చీటీ లేకుండా ఊరు దాటకూడదన్న కట్టడి మధ్య జరిగింది. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. చట్టం పోయినా పేరు పోలేదు. ఆ ఊరి పేరు చెబితే బయట పనిచ్చేవారు లేరు. 1970లలో లవణం, హేమలతగార్లు ఆ కుటుంబాల మధ్యకు వెళ్ళి, నేరం మానినవాళ్ళకు బ్రతుకుతెరువు, పిల్లలకు చదువు చూపడానికి పాటుపడ్డారు. మనిషి మారతాడని నమ్మారు. మారుమనస్సు అనే మాట మనది. ఆ మాట మీద భారం వేసి ఆ గుడిసెల్లోకి నడిచింది వారు.

తరువాత నిజామాబాదు ప్రాంతానికి వెళ్ళారు. అక్కడ దళిత ఆడపిల్లలను చిన్నతనంలోనే దేవత పేరున జోగినిగా వదిలేసి, ఊరి పెద్దలు వాడుకునే దురాచారం ఉండేది. దానికి వ్యతిరేకంగా వారు ఊరూరా తిరిగారు. 1988లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. హేమలతగారు 2008లో, లవణంగారు 2015లో కాలం చేశారు. విజయవాడలో 1969 నుంచి నడుస్తున్న వాసవ్య మహిళా మండలి కూడా ఆ కుటుంబానిదే. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అనే మాటల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టుకున్నారు. వదిలివేయబడిన స్త్రీలకూ, హెచ్.ఐ.వి. సోకినవారికీ అక్కడ పని జరిగింది. ఆ రోగులను మన మందిరాలలో వెనుక బెంచీలో కూర్చోబెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి.

సరే అయ్యగారూ, దీన్ని వాక్యానుసారంగా ఎలా అర్థం చేసుకోవాలి అని మీరు అడుగుతారు.

రోమా పత్రిక 2వ అధ్యాయం 14, 15 వచనాలు తెరవండి. ధర్మశాస్త్రం లేని అన్యజనులు స్వభావసిద్ధంగా ధర్మశాస్త్ర సంబంధమైన పనులు చేస్తారని, దాని సారం వారి హృదయాల మీద వ్రాయబడి ఉందని, వారి మనస్సాక్షి సాక్ష్యమిస్తుందని పౌలు చెబుతున్నాడు. ఈ మాట ఎవరికి చెబుతున్నాడో గమనించండి. ధర్మశాస్త్రం తన దగ్గర ఉందని అతిశయపడుతూ ఇతరులకు తీర్పు తీర్చే మనిషికి చెబుతున్నాడు. దీనినే మన వేదాంతులు సాధారణ కృప అంటారు. సూర్యుడు మంచివారి మీదా చెడ్డవారి మీదా ఉదయించినట్టే, దయ, న్యాయబుద్ధి, మనస్సాక్షి అనేవి దేవుడు మానవులందరి మీదా కురిపించిన వరాలు. మానవ స్వభావం పతనమైందని అంత గట్టిగా బోధించిన కాల్విను కూడా, అవిశ్వాసుల రచనల్లో కనబడే సత్యాన్ని తృణీకరిస్తే పరిశుద్ధాత్మను అవమానించినట్టేనని తన గ్రంథంలో హెచ్చరించాడు.

పౌలు అనుభవమే చూడండి. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో ఓడ బద్దలై మెలితే ద్వీపం ఒడ్డుకు చేరినప్పుడు వాన, చలి. ఆ ద్వీపవాసులు సువార్త విననివారు. వారే నిప్పు రాజేసి రెండు వందల డెబ్బది ఆరుగురినీ చేర్చుకున్నారు. పౌలు వారి దయను అనుమానించలేదు, దానికి రక్షణ లేదని ప్రసంగం మొదలుపెట్టలేదు. తానూ పుల్లలు ఏరి ఆ మంటలో వేశాడు.

యేసుప్రభువు మత్తయి 21లో చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానం మనందరికీ తెలుసు. ఒకడు పోనన్నాడు, తరువాత మనసు మార్చుకుని ద్రాక్షతోటకు వెళ్ళాడు. రెండోవాడు మర్యాదగా పోతానన్నాడు, వెళ్ళలేదు. తండ్రి ఇష్టం చేసింది ఎవరని ప్రభువు అడిగినప్పుడు ప్రధానయాజకులకు మరో జవాబు దొరకలేదు. నాకూ దొరకలేదు.

అయితే రక్షణ సంగతి? క్రియల వలన రక్షణ లేదని మనం నమ్ముతాం. నేనూ నమ్ముతాను, ఇందులో వెనక్కు తగ్గను. కాని ఆ మాట ఇద్దరికీ వర్తిస్తుంది. నాస్తికుడి క్రియలు రక్షించలేకపోతే, నా దశమభాగమూ, ఉపవాసమూ, ఈ ప్రసంగమూ కూడా నన్ను రక్షించలేవు. కృపకు చేతులు చాచినవాడు పక్కవాడి చేతులు ఖాళీగా ఉన్నాయని ఎగతాళి చేయగలడా? మరొక మాట, రక్షణ ఇవ్వదు కాబట్టి ఆ మంచి మంచే కాదు అనడం అబద్ధం. తోమి ఆరబెట్టిన ఆ ముసలమ్మ వీపు మీద పుండు పడలేదు. అది నిజంగా జరిగిన మంచి.

నాకు గోరాగారితో ఒప్పుకోలేని చోటూ ఉంది. విశ్వాసం మనిషిని బానిసను చేస్తుందన్న ఆయన మాట, మనలో చాలామందిని చూస్తే నిజమే అనిపిస్తుంది. తాగి వచ్చి భార్యను కొట్టినవాడు సాతాను శోధించాడంటాడు. అప్పు ఎగ్గొట్టినవాడు దేవుని చిత్తం అంటాడు. అయినా విశ్వాసమంటే అది కాదని నా మనవి. తోటను సేద్యపరచి కాయమని మనిషికి బాధ్యత అప్పగించిన దేవుణ్ణే బైబిలు మొదటి పేజీల్లో చూస్తాం. నీ తమ్ముడు ఎక్కడ అని కయీనును అడిగిన దేవుడు బాధ్యతను తీసేసేవాడు కాదు.

ఇలా కొంత ఆలోచించుకుని, ఒక శుక్రవారం సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళాను. మనసులో ఒక ప్రశ్న సిద్ధం చేసుకున్నాను. అబ్బాయి నన్ను చూసి లేచి, కుర్చీ వేశాడు. కుశలప్రశ్నలు అయ్యాక అడిగాను, "బాబూ, నువ్వు మంచివాడివే. కాని మనిషన్నాక తప్పు చేస్తాడు. దేవుడు లేడనుకుంటే, తప్పు చేసిననాడు క్షమాపణ కోసం ఎవరి దగ్గరికి వెళతావు?"

వాడు కాసేపు ఆలోచించాడు. "ఎవరికి తప్పు చేశానో వాళ్ళ దగ్గరికే వెళతాను అయ్యగారూ. కష్టంగానే ఉంటుంది. వాళ్ళు చచ్చిపోయి ఉంటే ఏం చేయాలో మాత్రం నాకు తెలియదు" అన్నాడు.

బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పింది నాకు గుర్తొచ్చింది. వాడి జవాబులో రెండో సగం గురించి మాత్రం నా దగ్గర చెప్పవలసిన సువార్త ఉంది. చెప్పాను. వాదించకుండా విన్నాడు. ఒప్పుకోలేదు.

అంతలో లోపల నుంచి నానమ్మ మూలిగింది. "అయ్యగారూ, ఏమీ అనుకోకపోతే ఆ దుప్పటి అంచు పట్టుకుంటారా? ఒక్కణ్ణే తిప్పితే నొప్పి పెడుతుంది ఆమెకు" అన్నాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని తిప్పాం. వాడి చెయ్యి ఎక్కడ వేయాలో, తల కింద ఎప్పుడు పట్టుకోవాలో వాడికి తెలుసు. నాకు తెలియలేదు. ఎన్ని ఇళ్ళల్లో మంచాల పక్కన ప్రార్థన చేశానో, ఒక్క మంచం మీద మనిషినీ నేను తిప్పలేదని అప్పుడు తెలిసింది. నానమ్మ మాట స్పష్టంగా రాదు, అయినా ప్రార్థన చేయమని సైగ చేసింది. చేశాను. వాడు కళ్ళు మూసుకోలేదు, ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. అయ్యాక, "ఆమెన్ అనలేదని తప్పుగా అనుకోకండి" అన్నాడు.

గుమ్మం దగ్గర తల్లి ఎదురుచూస్తోంది. "ఏమన్నాడు అయ్యగారూ?"

"మీరు అడిగిన ప్రశ్నకు పూర్తి లెక్క నా చేతిలో లేదమ్మా, అది దేవుని చేతిలో ఉంది" అన్నాను. "సోమవారం మళ్ళీ రమ్మన్నాడు. దుప్పటి మార్చడానికి ఇద్దరు కావాలట. మన యవ్వనస్థుల్లో ఎవరైనా వస్తారేమో అడిగి చూస్తాను. రాకపోతే నేనే వస్తాను."